కుక్కతో చెప్పిన మాటలు

మా నది ఒడ్డున నర్రింబల్ ఊళ్ళో హొరేస్ నోరు మూయించగల మనిషి ఒక్కతే ఉండేది. అతని అత్తగారు.

మిగతా ప్రపంచంతో హొరేస్ పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉండేవాడు. సరుకుల బార్జి మలుపు తిరగకముందే రేవులో నిలబడి దాని సరంగుతో కబుర్లు మొదలుపెట్టేవాడు. ఇంజను మొరాయిస్తే ఇంజనుతో, పీత వలలోంచి జారిపోతే పీతతో, చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్య ఊపిరి పీల్చుకుంటే ఆ సందులో దేవుడితో. మా నది గురించి పూర్తిగా తెలిసినవి రెండే ప్రాణాలని ఊళ్ళో సామెత: ఒకటి మొసలి, రెండోది హొరేస్. మొసలి నయం, తక్కువ మాట్లాడుతుంది.

అలాంటి మనిషి, లెటీ తల్లి కనుచూపు మేరలోకి వస్తే చాలు, రాయిలా అయిపోయేవాడు. లెటీ అతని భార్య. నాకు అక్క వరస. ఆ లెక్కన హొరేస్ నాకు బావ, ముసలావిడ పెద్దమ్మ. మా ఆదివాసుల్లో అల్లుడు అత్త ముఖం చూడకూడదు, పేరు పలకకూడదు, ఎదురుగా మాట అనకూడదు. ఆవిడకీ అంతే. కోపం కాదిది, మర్యాద. ఎంత గౌరవం ఉంటే అంత దూరం.

ఊరు చిన్నది, కొట్టు ఒక్కటే. కాబట్టి ఆ దూరం పాటించడానికి ఊరంతా సాయం పట్టాల్సి వచ్చేది.

"బావా, వెనక్కి! వెనక్కి తిరుగు!" అని నేను గుమ్మంలోంచి అరిచేవాణ్ణి.

హొరేస్ గభాలున గోడవైపు తిరిగి పిండి బస్తాలకు ముక్కు ఆనించి నిలబడేవాడు.

"పిండి బస్తామీద ఏం రాసుంది బావా?"

"పిండి అని రాసుందిరా. పిండి బస్తామీద పంచదార అని రాస్తారా? వెళ్ళిపోయారా?"

"ఇంకా పొగాకు వాసన చూస్తోంది పెద్దమ్మ. పాతదిచ్చారని కొట్టువాడితో పేచీ."

"త్వరగా తేల్చుకోమనరా. నా ముక్కులోకి పిండి పోతోంది."

శనివారం సాయంత్రాలు, అప్పట్లో ఊరిని నడిపిన చర్చి మిషన్ వాళ్ళు రెండు స్తంభాల మధ్య తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవాళ్ళు. పెద్దమ్మ ముందువరసలో చాప పరుచుకుని కూర్చునేది. దాంతో హొరేస్ గుడ్డకు అవతలివైపు కూర్చునేవాడు. బొమ్మ అటునుంచి కూడా కనిపిస్తుంది, కాకపోతే తిరగేసి. అతని లెక్కలో కౌబాయిలందరూ ఎడమచేతివాటం వాళ్ళే. ఈ విషయంమీద అతనికీ ఊళ్ళో మగవాళ్ళకీ ఏళ్ళ తరబడి వాదం నడిచింది.

హొరేస్ అన్న పేరు మిషన్ దొర తన తమ్ముడి పేరు చూసి పెట్టాడు. అసలు పేరు వేరే ఉంది, పొడుగ్గా, నీళ్ళ చప్పుడులా ఉంటుంది. కుర్రతనంలో మిషన్ వేరుశనగ తోటలో కలుపు తీశాడు. తర్వాత మొసళ్ళ చర్మాలకోసం వచ్చిన తెల్లవాళ్ళకు పడవ నడిపాడు. మొసళ్ళను కొట్టడం నిషేధించాక వాళ్ళు పోతూపోతూ ఒక రేకు పడవ అతనికి వదిలేశారు. అదే అతని బతుకైంది. రోగులను, టీచర్లను, పిండి బస్తాలను, శవాలను, ఒకసారి ఎన్నికల పెట్టెను కూడా ఆ పడవలోనే మోశాడు. కదులుతున్న పడవలో నిలబడి ఈటెతో పండుగప్పను పొడిచేవాడు. పట్టినవాటిలో పెద్ద చేప తలకాయ ఎప్పుడూ అత్తగారిది. అల్లుడన్నవాడు బతికున్నంతకాలం అత్తకు మాంసమో చేపో పంపాలి. హొరేస్ చేప తలకాయ కోసి, ఆకులో చుట్టి, పిల్లలెవరిచేతనైనా పంపేవాడు. తలకాయ అంటే మా వైపు పెద్దల ముక్క. దవడ దగ్గర కొవ్వు ఉంటుంది, కళ్ళ వెనక జిగురు ఉంటుంది. దానికి మించిన మర్యాద లేదు.

"బాగుందన్నారా?" అని అడిగేవాడు.

"బాగుందంది" అని చెప్పేవాళ్ళు పిల్లలు. అంతే. అలా పెళ్ళయిన నాటినుంచి లెటీ జుట్టు నెరిసేదాకా.

పెద్దమ్మ సంగతి కూడా చెప్పాలి. సన్నగా ఎండిన మనిషి. వేళ్ళు మాత్రం లావు. మొగలాకులు చీల్చి, వేర్ల రంగులో ముంచి అల్లే బుట్టలు ఆవిడవి ఇప్పటికీ కొన్ని ఊళ్ళో వాడుతున్నారు. ఆవిడ నేల జర్రమాల. మా నది పైకి పోతే రెండు పాయలు అవుతుంది. తూర్పు పాయ వెంట మడ అడవి దాటి, కాగితంలా బెరడు ఊడే చెట్లు మొదలయ్యే చోట ఒక మంచినీటి మడుగు, పక్కన ఎర్రరాతి గుట్ట. అదీ జర్రమాల. ఆవిడ తండ్రి, తాతలు అక్కడే పడుకుని ఉన్నారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మిషన్ వాళ్ళు బడికని తీసుకొచ్చేశారు. ఎండాకాలంలో ట్రక్కు దారి పడగానే మేమంతా వెళ్ళేవాళ్ళం. గడ్డి తగలబెట్టేవాళ్ళం, బాతుగుడ్లు ఏరేవాళ్ళం, నెలల తరబడి అక్కడే. వానలు పడితే దారి మునిగిపోతుంది. అందరం మళ్ళీ నర్రింబల్ చేరేవాళ్ళం. ఆవిడ మాత్రం ట్రక్కు వెనక కూర్చుని, జర్రమాల గుట్ట కనుమరుగయ్యేదాకా దానివైపే చూసేది.

మిషన్ వాళ్ళు తాళంచెవులు మా పెద్దలకు ఇచ్చి వెళ్ళిపోయిన కొన్నేళ్ళకు, ఒక ఉక్కబోత కాలంలో, తూర్పు తీరంలో ఒక పెద్దాయన పోయాడు. ఊరు ఊరంతా ట్రక్కులెక్కి కర్మలకు వెళ్ళాం. నేనూ వెళ్ళాను. మేము అక్కడుండగానే వానలు ముందే దిగి దారి తెగింది. లెటీ అంతకు ముందే కూతురి కాన్పుకోసం దూరాన డార్విన్ పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. ఊళ్ళో మిగిలింది నర్సు సిస్టర్ ఐలీన్, కొట్టువాడు, నడవలేని ముసలాళ్ళు ఇద్దరు ముగ్గురు, పెద్దమ్మ, హొరేస్. పడవకు కాపలా ఉండాలని హొరేస్ ఆగిపోయాడు.

అప్పుడు పెద్దమ్మకు రొమ్ము పట్టేసింది. సిస్టర్ ఐలీన్ గొట్టం పెట్టి విని, లోపల నీరు చేరిందని, మర్నాడు విమానం పిలిపించి డార్విన్ పంపిస్తానని చెప్పింది. ఆవిడ చెప్పింది తప్పేం కాదు. ఊపిరి పీలుస్తుంటే చప్పుడు వాకిట్లోకి వినిపించేదట.

కానీ పెద్దమ్మ లెక్క వేరు. విమానం ఎక్కిన ముసలాళ్ళు పెట్టెలో దిగుతారని ఆవిడకు తెలుసు, కళ్ళారా చూసింది. పెట్టెలో దిగినా ఫరవాలేదు, ప్రాణం డార్విన్‌లో పోతే అది అక్కడే తిరుగుతుంది. దానికి తారురోడ్లు తెలియవు, జర్రమాల దారి ఎవరు చెబుతారు? పోయేదేదో సొంత నేలమీద పోవాలి. రేపటి విమానం రాకముందే అక్కడికి చేరాలి. చేర్చగలిగే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడితోనే ఆవిడ మాట్లాడకూడదు.

ఆ తర్వాత జరిగింది నేను ఇద్దరినుంచీ విన్నాను, చాలాసార్లు. ఇద్దరూ ఒకేలా చెప్పరు. ఒకరు తప్పు చెప్పారని రెండోవారు నాతోనే కబురు పంపేవారు. కలిసినంతవరకు రాస్తున్నాను.

పొద్దున్నే హొరేస్ చేపలకని రేవుకు వచ్చాడు. పడవ ముక్కు దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు ఇటు, ముఖం నదివైపు, తలమీద గుడ్డ. ఒళ్ళో దుప్పటి మూట. పడవ మధ్యలో ఆవిడ కుక్క సార్జెంటు. వీపు చూడగానే అతనికి తెలిసిపోయింది. వెంటనే తల తిప్పేసుకున్నాడు. పారిపోదామనుకున్నాడు. కానీ పడవ అతనిదే, ఎక్కడికి పోతాడు? కాసేపు ఇసుకలో అటూ ఇటూ తిరిగి, చివరికి కుక్కవైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఏరా సార్జెంటూ, పొద్దున్నే పడవెక్కావు? నేను చేపలకు పోతున్నానే."

పడవ ముక్కు దగ్గర ఊపిరి గురగురలాడింది.

"సార్జెంటూ" అంది ముసలావిడ, నదివైపే చూస్తూ. "ఇక్కడి చేపలు సన్నం. జర్రమాల దగ్గర లావుగా ఉంటాయి."

హొరేస్ ఈటెను ఇసుకలో పాతి నిలబడ్డాడట. అత్తగారి గొంతు తన వైపు రావడం అదే మొదలు. కుక్కమీదుగా వచ్చినా సరే.

"దూరంరా సార్జెంటూ. ఇవాళ విమానం వస్తుందని సిస్టర్ చెప్పింది. ఇక్కడ ఎవరో లేకపోతే నన్ను తిడుతుంది."

"విమానంలో కుక్కల్ని ఎక్కించుకోరు సార్జెంటూ. నన్ను కూడా ఎక్కించుకోవద్దని చెప్పు."

హొరేస్ ఇంటికి నడిచాడు. వెళ్ళి నీళ్ళ డబ్బా, పెట్రోలు, టీ డబ్బా, పిండి, టార్పాలిన్ తెచ్చి పడవలో వేశాడు. అన్నీ వెనక్కి నడుస్తూనే. చుక్కాని దగ్గర అతను, ముక్కు దగ్గర ఆవిడ, మధ్యలో కుక్క. రేకు పడవలో అల్లుడికీ అత్తకూ అంతకంటే సరైన ఏర్పాటు లేదు. ఆవిడ వెనక్కి తిరగదు. అతను ఆవిడ భుజంమీదుగా నీళ్ళవైపే చూస్తాడు.

పోటుమీద బయల్దేరారు. రెండు పాయలు చీలేదాకా హొరేస్‌కు ప్రతి మలుపూ తెలుసు. తూర్పు పాయలో మాత్రం ప్రతి వానకూ ఒండ్రు కొత్తచోట మేట వేస్తుంది. అది ఆవిడ ఏరు. నీటి రంగు చూసి లోతు చెప్పగలదు.

"సార్జెంటూ, మొగలిచెట్టు వాలి ఉంది చూశావా, దానికి దగ్గరగా పో."

హొరేస్ చుక్కాని తిప్పేవాడు.

"సార్జెంటూ, తిన్నగా. ఇక్కడ తొందరేం లేదు."

హొరేస్ ఇంజను తగ్గించేవాడు. కుక్క మాత్రం పిలిచినప్పుడల్లా ముందుకెళ్ళి ఆవిడ చెయ్యి నాకి, వెనక్కొచ్చి ఇతని మోకాలు నాకేది. దాని పేరు ఒక రోజులో అన్నిసార్లు ఎవరూ పిలవలేదు. గర్వంతో చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది.

అక్కడే వచ్చింది చిక్కు. మడచెట్ల కింద, ఎడమ పక్కన, ఒక మొసలి దుంగలా తేలుతోంది. సార్జెంటు పడవ అంచుమీద ముందుకాళ్ళు వేసి, మెడ చాచి దాన్ని వాసన చూస్తోంది. పెద్దమ్మ గుండె జారి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది:

"సార్జెంటూ! ఎడమకు పోకు! ఇటు, కుడికి! కుడికి రా!"

హొరేస్ కుడికి కొట్టాడు. బలంగా.

పడవ నేరుగా ఒండ్రు మేటమీదికెక్కి, ముక్కు పైకెత్తి కూర్చుంది. ఇంజను బురద కక్కి ఆగిపోయింది. అప్పటికే ఆటు మొదలైంది. హొరేస్ గెడ వేసి నెట్టేలోపల నీళ్ళు పడవ కిందనుంచి జారుకున్నాయి. దిగి తోద్దామంటే నడుము లోతు బురద. చూస్తూ ఉండడానికి మొసలి ఎలాగూ ఉంది.

హొరేస్ గెడ పడవలో పడేసి కూర్చున్నాడు. కుక్కవైపు తిరిగి అన్నాడు:

"సార్జెంటూ, కుడికి అని ఎవరన్నార్రా?"

"నీకే చెప్పాను కదా సార్జెంటూ!" అంది ఆవిడ, ఆయాసపడుతూ. "నీతోనే! కుక్కతో! కుక్కకు చెబితే పడవెందుకు తిరిగింది?"

"పొద్దుటినుంచీ నీతోనే కదరా చెప్పారు! ఏది నీకో ఏది నాకో నాకెలా తెలుస్తుంది?"

"నీళ్ళ మాటైతే పడవకు. ప్రాణం మాటైతే నీకు. అంతమాత్రం తెలీదా సార్జెంటూ? తెలివైన కుక్కవనుకున్నానే."

ఈ తగువు వాళ్ళిద్దరి మధ్యా చివరిదాకా తెగలేదు. ఎన్నోసార్లు నేనే మోశాను. "పడవ మాటలకూ ముందు ఆ పేరే పిలిచారు కదా, అడుగు" అని ఇటునుంచి. "గొంతు తేడా తెలియని వాడు అల్లుడా, అడుగు" అని అటునుంచి.

మళ్ళీ పోటు వచ్చేదాకా చేసేదేమీ లేదు. ఉక్క. గాలి ఆడడం లేదు. రేకు పడవ పెనంలా కాలుతోంది. ఆవిడ ఊపిరి మరీ చిన్నదైంది. ఇక్కడే పోతే బురదలో పోయినట్టు, జర్రమాలలో కాదు. హొరేస్‌కు ఆ సంగతి తెలుసు. టార్పాలిన్ తీసుకుని, వీపు అటు పెట్టి, పీతలా వెనక్కి వెనక్కి జరుగుతూ ముక్కు దగ్గరికెళ్ళి, గుడ్డిగా తడుముకుంటూ గెడకు కట్టాడు. ఆవిడ తలగుడ్డ గడ్డందాకా లాక్కుంది. తాడు చివర అందకపోతే సార్జెంటు మెడకు వేసి అటు తోశాడు. ఆవిడ విప్పి తన వైపు కట్టుకుంది. నీడ పడింది. చిన్న స్టవ్వు వెలిగించి టీ కాచి, మగ్గు పడవ మధ్యలో పెట్టి, తిరిగి చుక్కాని దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

టీ తాగాక ఆవిడకు కాస్త గొంతు వచ్చింది.

"సార్జెంటూ, ఒక మాట చెప్పనా. ఇన్నాళ్ళూ మా ఇంటికి చేప తలకాయలు వస్తున్నాయి."

హొరేస్ నిటారుగా కూర్చున్నాడు.

"నాకు తలకాయ పడదు. చిన్నప్పటినుంచీ పడదు. ఆ కళ్ళు నావైపు చూస్తుంటే తినలేను. నాకు తోక దగ్గరి ముక్క ఇష్టం. మాడేలా కాలిస్తే కరకరలాడుతుంది, అది."

"బాగుందన్నారని చెప్పారే!" అని హొరేస్ అరిచాడు. తర్వాత గుర్తొచ్చి, "సార్జెంటూ, బాగుందన్నారని పిల్లలు చెప్పారే!" అని సరిదిద్దుకున్నాడు.

"మర్యాదగా పంపితే బాగోలేదంటారా?"

"మరి ఆ తలకాయలన్నీ ఏమయ్యాయిరా?"

"నువ్వే తిన్నావు సార్జెంటూ. నీ ముందు మీ అమ్మ తింది. దానిముందు మీ అమ్మమ్మ. మీ వంశమంతా నిగనిగలాడుతూ పెరిగింది."

హొరేస్ నవ్వాడు. ఆవిడ కూడా నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక నెమ్మదిగా మాట్లాడింది. ఈ భాగం పెద్దమ్మ నాకు చెప్పలేదు, హొరేసే చెప్పాడు. అది కూడా ఒక్కసారే.

"సార్జెంటూ, పడవ నడిపే మనిషి ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటాడో నాకు తెలీదు. వీపు తెలుసు. లెటీ మొదటి బిడ్డ పోయినప్పుడు, మిషన్ ఆసుపత్రి వెనక చింతచెట్టు కింద, ఆ వీపు ఏడవడం చూశాను. లేచి వెళ్ళకూడదు కదా. అక్కడే కూర్చున్నాను, ఆ వీపు లేచేదాకా."

ఏళ్ళక్రితం మాట. ఆ రోజు తన వెనక ఎవరో ఉన్నారని హొరేస్‌కు తెలియనే తెలియదు. అతను నీళ్ళవైపు తిరిగిపోయాడు. ఆ పూట హొరేస్ ముఖం చూసినదేదైనా ఉందంటే ఆ మొసలొక్కటే.

మధ్యాహ్నం వాలాక నీళ్ళు పాకుతూ వచ్చాయి. పడవ కదిలింది. ఆ తర్వాత ఆవిడ నోరు వాడలేదు, చెయ్యి వాడింది. కుడిచెయ్యి ఎత్తితే కుడి, ఎడమచెయ్యి ఎత్తితే ఎడమ. కుక్కను పిలవాల్సొస్తే తొడమీద తట్టేది. పొద్దు ఎర్రబడుతుండగా మడచెట్లు అయిపోయి కాగితంలాంటి తెల్లబెరడు చెట్లు మొదలయ్యాయి. జర్రమాల రేవు.

హొరేస్ లంగరు వేసి, దిగకుండా పడవలోనే నిలబడ్డాడు, నదివైపు తిరిగి. ఎవరి నేలమీదైనా కాలు పెట్టేముందు ఆ నేలవాళ్ళు గొంతెత్తి లోపలున్న పెద్దలకు వచ్చినవాళ్ళెవరో చెప్పాలి. తమ చంక చెమట తీసి వచ్చినవాళ్ళ తలకు, ముఖానికి రాయాలి. నేల వాసనబట్టి మనిషిని గుర్తుపడుతుంది. తెలియనివాడైతే కాలు జారుతుంది, జ్వరం వస్తుంది, దారి తప్పుతుంది. ఎప్పుడూ ఆ పని లెటీ అన్నదమ్ములు చేసేవాళ్ళు. ఈరోజు నేలవాళ్ళంటే ఆవిడ ఒక్కతే. ఆవిడ అతన్ని ముట్టుకోకూడదు.

పెద్దమ్మ పడవ అంచు పట్టుకుని, పాకినట్టు ఒడ్డుకు దిగింది. ఒక చెట్టుకు ఆనుకుని నిలబడింది. గొంతు పెద్దగా రాలేదు, కానీ ఆ సాయంత్రం గాలి లేదు.

"వచ్చాను. నేనే, మీ పిల్లనే. పొద్దున్నే రావాల్సింది, బురదలో కూర్చోబెట్టాడు. ఈ కుక్క కొత్తది, చెడ్డది కాదు. దీని వెనక ఒక మనిషున్నాడు. మనవాడే. నోరు పెద్దది, చెయ్యి మంచిది. కాలు జారనివ్వకండి."

తర్వాత తొడమీద తట్టింది. సార్జెంటు పడవలోంచి ఒడ్డుకు దూకింది. ఆవిడ చంకలో చెయ్యి పెట్టి, ఆ చెమటను కుక్క తలకు, చెవులకు, మెడకు గట్టిగా రాసింది. రోజంతా ఎండలో కూర్చున్న మనిషి, చెమటకు కొదవలేదు.

"ఇక పో. మోసుకుపో."

కుక్క ఒడ్డు అంచుకు వచ్చి, తోక ఊపుతూ పడవవైపు చూసింది. హొరేస్ కళ్ళు దించుకుని అంచుదాకా వంగాడు. దాని తలను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తన ముఖం దాని మెడలో పెట్టాడు. ఈ చోటికి వచ్చేసరికి అతను ఎప్పుడూ కథ ఆపి టీ పోసుకునేవాడు.

దిగి, రెండు మంటలు వేశాడు. ఒకటి ఆవిడకు, ఒకటి తనకు, మధ్యలో బెరడు పలకలతో తడిక. బొగ్గుల్లో రొట్టె కాల్చాడు. రేవులో ఒక చేపను పొడిచి కాల్చాడు. తలకాయ పక్కన పెట్టి తోకముక్క తడిక కిందనుంచి తోశాడు.

విమానం వచ్చి ఖాళీగా వెళ్ళిపోయింది. సిస్టర్ ఐలీన్ రేడియోలో మా కౌన్సిల్ వాళ్ళందర్నీ దులిపేసింది. కర్మలు జరిగే చోటికి కబురొచ్చింది. మేము అనుకున్నదొక్కటే: పెద్దమ్మ పోయేందుకే జర్రమాల వెళ్ళింది. ఎర్రమట్టి, కొత్తగుడ్డ, పారలు ట్రక్కులో వేసుకుని, ఎత్తు దారిన చుట్టూ తిరిగి, సగం దూరం బురదలో తోసుకుంటూ జర్రమాల చేరాం. సిస్టర్ ఆ ఖాళీ విమానంలోనే మాకు మందుల సంచి కూడా పంపింది. ఎందుకైనా మంచిదని తెచ్చాం, పాతిపెట్టేటప్పుడు మందులెందుకని దారంతా అనుకుంటూ.

పొగ కనిపించింది. రెండు పొగలు. తడికకు ఇవతల పెద్దమ్మ కూర్చుని పీత కాలు చప్పరిస్తోంది. మమ్మల్నీ, పారల్నీ ఎగాదిగా చూసింది.

"ఎవర్ని పాతడానికొచ్చార్రా?"

మేము పారలమీదికి గుడ్డ లాగాం.

"వచ్చారు కాబట్టి చెప్పండి ఆ మనిషికి. అతని రొట్టె రాయిలా ఉంది. పళ్ళు లేనివాళ్ళకు అలా కాలుస్తారా అని."

తడిక అవతలినుంచి గొంతు వచ్చింది. "రొట్టె సరిగ్గానే ఉందని చెప్పరా బామ్మర్దీ! టీలో ముంచుకోమను!"

"ముంచితే టీ ఉప్పగా అవుతోందని చెప్పు. ఉప్పు తక్కువ వేయమని చెప్పు."

పాతిపెట్టడానికని వచ్చినవాళ్ళం, అక్కడ నిలబడి ఇద్దరికీ కబుర్లు మోశాం. పారలు ట్రక్కులోనే ఉండిపోయాయి.

మందులు పనిచేశాయని సిస్టర్ ఐలీన్ అంటుంది. నేల పనిచేసిందని పెద్దమ్మ అనేది. తోకముక్క పనిచేసిందని హొరేస్ వాదన. ఏదైతేనేం, ఆవిడ మళ్ళీ నర్రింబల్ రాలేదు. లెటీ మనవణ్ణి ఎత్తుకుని డార్విన్‌నుంచి నేరుగా జర్రమాలకే వచ్చింది. కౌన్సిల్‌తో పోట్లాడి అక్కడ రెండు రేకుల గదులు వేయించుకున్నాం. కొన్ని కుటుంబాలు పూర్తిగా అక్కడికే మారాయి. మా అందరి బతుకుల్లో అదే మంచికాలమని ఇప్పుడు అనిపిస్తుంది. కరెంటు లేదు, కొట్టు లేదు. బాతులు లేచినప్పుడు ఆకాశం నల్లగా అయ్యేది. హొరేస్ సరుకులు తెచ్చేవాడు. రేవుకు రాకముందే గట్టిగా దగ్గేవాడు, ఆవిడ తల కప్పుకోవడానికి. తోకముక్క ఒడ్డుమీద రాతిమీద పెట్టి, వెనక్కి నడుచుకుంటూ పడవెక్కేవాడు. కుక్కతో మాట్లాడుకోవడం మాత్రం ఇద్దరూ మానేశారు. ఆ రోజు అవసరం అలాంటిది. అవసరం తీరాక మర్యాద మళ్ళీ మర్యాదే.

ఇప్పుడు నదిమీద వంతెన ఉంది. అల్లుళ్ళు అత్తలకు ఫోనులో కబుర్లు టైపు చేసి పంపుతున్నారు. అది ముఖం చూడటం కాదు, గొంతు వినడమూ కాదు కాబట్టి తప్పులేదని పెద్దలు కూర్చుని తేల్చారు. "చేప పట్టాను, ఏ ముక్క కావాలి?" అని అడిగితే నిమిషంలో జవాబొస్తుంది. తెలుసుకోవడానికి ఎవరూ బురదలో ఇరుక్కోనక్కర్లేదు.

జర్రమాల చేరాక పెద్దమ్మ ఇంకా రెండు ఎండాకాలాలు చూసింది. ఆ తర్వాతి వానల్లో, జర్రమాల గుట్ట కింద, తన చాపమీద పోయింది. కోరుకున్నట్టే. తండ్రి పక్కన పెట్టాం. పోయినవాళ్ళ పేరు పలకకూడదు కాబట్టి ఆ రోజునుంచి ఊరంతా ఆవిడ పేరు ఆపేసింది. ఆ పేరుకు దగ్గరగా వినిపించే ఒక పక్షి పేరు కూడా మార్చుకున్నాం. మొదట్లో అందరికీ నోరు జారేది. సగంలో నాలుక కరుచుకునేవాళ్ళం. ఒక సాయంత్రం మంట దగ్గర, ఆవిడ అల్లిన బుట్ట గురించి ఏదో చెప్పబోయి, నేను ఆ పేరు మొదటి అక్షరం అనేసి ఆగిపోయాను. అందరూ నేలచూపులు చూశారు.

హొరేస్ ఒక్కడే నావైపు చూసి తల ఊపాడు.

"కష్టంగా ఉందా బామ్మర్దీ?" అన్నాడు. "నేను పెళ్ళైన రోజునుంచీ నోట్లో దాచుకున్నాను ఆ పేరు. ఇప్పుడు మీరూ దాచండి. బరువెంతో తెలుస్తుంది."